మీ ఆలోచన మార్చిన ఆడవాళ్లెవరు? "త్యాగమూర్తి" అనకుండా చెప్పండి

వేపచెట్టు
మార్చి 8 వచ్చిందంటే మా ఆఫీసులో ఒక కార్యక్రమం పెడతారు. కేకు, గులాబీలు, ఆ తర్వాత ఒక్కొక్కరూ లేచి తమ మీద ప్రభావం చూపిన మహిళ గురించి రెండు ముక్కలు మాట్లాడాలి. ఈసారి కూడా ఇంచుమించు అందరూ అమ్మ గురించే మాట్లాడారు. అందరిదీ ఒకటే మాట. తను తినకుండా మాకు పెట్టింది, నిద్ర మానుకుని చాకిరీ చేసింది, ఏనాడూ తన కోసం ఏమీ అడగలేదు. చప్పట్లు. వింటుంటే నాకు మనసు చివుక్కుమంది. ఆ అమ్మలు ఏం ఆలోచించేవారో, దేనికి ఎదురు తిరిగారో, ఏ నిర్ణయం సొంతంగా తీసుకున్నారో ఒక్కరి నోటా రాలేదు. పస్తులుండటం తప్ప వాళ్లకి ఇంకో గుణమే లేనట్టు మాట్లాడాం.

అందుకే ఇక్కడ అడుగుతున్నా. డబ్బు గురించో, కులం గురించో, చదువు గురించో, భయం గురించో మీ ఆలోచనని ఒక ఆడమనిషి మార్చి ఉంటే ఆవిడ ఏం చేసింది, దానివల్ల మీరు ఇవాళ ఏం వేరుగా చేస్తున్నారు? పేరున్నవాళ్లైనా సరే, పక్కింటివాళ్లైనా సరే.

నా మటుకు మా మేనత్త. తెనాలిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. కీబోర్డు కనపడకుండా పైన అట్ట పెట్టి, ఏఎస్‌డీఎఫ్ దగ్గర్నుంచి కొట్టించేది. టైపు లోయర్ పరీక్ష పాసైన ప్రతి అమ్మాయినీ తనే పోస్టాఫీసుకి తీసుకెళ్లి ఆ పిల్ల పేరు మీద ఆర్‌డీ తెరిపించేది. దానికి ముందు పాత టైపు కాగితాల వెనకవైపు సంతకం ప్రాక్టీసు చేయించేది, ఒకటే సంతకం, మళ్లీ మళ్లీ. "పెళ్లయ్యాక ఇంటిపేరు మారితే మారనీ, సంతకం మాత్రం మార్చకండి" అనేది. నాకిప్పుడు పెళ్లయి పిల్లలున్నారు. నా సంతకం అదే, నా జీతం ఖాతా నాదే, ఇన్సూరెన్సు కాగితాలు ఎక్కడున్నాయో ఎవరినీ అడగక్కర్లేదు.

కడప_కారం
అమ్మని తీసెయ్యమంటే ఎట్లా అక్కా? నాకు వేరే ఎవురూ లేరు చెప్పడానికి.

వేపచెట్టు
తీసెయ్యమనలేదు తమ్ముడూ. త్యాగం అన్న ఒక్క మాటతో సరిపెట్టొద్దు అన్నాను. రాయి, చదువుతాం.

కడప_కారం
అయితే రాస్తా. మా నాయన బోర్ల మీద బోర్లు ఏయించినాడు. ఒక్కదాంట్లో గూడా నీళ్లు పడలే, అప్పులు మాత్రం పడినాయి. మా పక్క అప్పుడు చానామంది ఆడోళ్లు కువైట్‌కి ఇంటిపనికి పోతాండ్రి. మా అమ్మ నేనూ పోతా అనింది. జేజినాయన, మామలు, అందరూ వద్దన్నారు. అమ్మ ఎవురితోనూ వాదించలే, పోయి పాస్‌పోర్టుకి ఫోటో దిగొచ్చింది. బంధువులేమో "ఆస్పత్రిలో పని అని చెప్పు, పరువుగా ఉంటాది" అన్నారు. అమ్మ చెప్పలే. బస్సులో ఎవురన్నా అడిగినా "కువైట్‌లో ఇంటిపని చేస్తా" అని గట్టిగా చెప్పేది.

అక్కడ పాస్‌పోర్టు ఇంటి యజమాని దగ్గరే పెట్టుకునేటోళ్లు, బయటికి పోనిచ్చేటోళ్లు గాదు. క్యాసెట్లో మాటలు రికార్డు చేసి ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేది. ఆ క్యాసెట్లో ఏడుపు ఉండేది గాదు. ఈ నెల ఎంత పంపినా, దాంట్లో వడ్డీకెంత, అసలుకెంత, నీ ఫీజుకెంత, లెక్క చెప్పేది. చివర్లో నన్ను ఎక్కాలు అడిగేది, నేను ఇంట్లో కూర్చోని టేప్‌రికార్డరుకి జవాబు చెప్పేటోణ్ని. అప్పు తీర్చింది, స్థలం కొనింది, పట్టా తన పేరు మీదే. నాయన గూడా దానికి అడ్డం చెప్పలే.

నేనిప్పుడు బెంగుళూరులో డెలివరీ పని చేస్తాండా, సాయంత్రం డిగ్రీ. పెళ్లి సంబంధాల్లో "సాఫ్ట్‌వేర్ పక్కన ఏదో అని చెప్పురా" అంటారు. నేను చెప్పను. అమ్మ దగ్గర నేర్చుకున్నది అదే.

గోదారి_గట్టు
కడప తమ్ముడూ, టేప్‌రికార్డరుకి ఎక్కాలు అప్పజెప్పడం చదివి ఫోన్ పక్కన పెట్టి కాసేపు కూర్చున్నా.

సిక్కోలు_చిన్నోడు
క్యాసెట్ మాటలు మా ఇళ్లలోనూ ఉన్నాయి, మాకు సౌదీ నుంచి వచ్చేవి. ఆవిడకి నా దండాలు చెప్పు బ్రో.

నెల్లూరోడు
మాది కలిగిరి పక్క. కాబట్టి సారా వ్యతిరేక ఉద్యమం నడిపిన దూబగుంట రోశమ్మ గురించి నేను రాయకపోతే ఇంకెవరు రాస్తారు.

సారా అప్పట్లో ప్రభుత్వమే వారుణి వాహిని అని పేరుపెట్టి ప్యాకెట్లలో అమ్మించేది. ఊళ్లోకి మంచినీళ్లు రావు, సారా మాత్రం టైముకి వస్తుంది. కూలి డబ్బులు ఇంటి గడప తొక్కకముందే దుకాణంలో అయిపోయేవి. 1991లో జిల్లాలో అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. మా అవ్వ కూడా పలక పట్టుకుని రాత్రిబడికి పోయింది. ఆ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, తాగుబోతు భర్తతో ఒక ఆడమనిషి పడే బాధ గురించి. పాఠం అయిపోయాక అక్షరాల సంగతి పక్కన పెట్టి అందరూ తమ తమ ఇళ్ల సంగతులు చెప్పుకునేవారంట. దూబగుంటలో రోశమ్మ, ఆమెతో ఉన్న ఆడవాళ్లు కలిసి సారా దుకాణం మూయించారు. ఆ సంగతి మళ్లీ పాఠంగా అచ్చయి మిగతా ఊళ్లకి పోయింది. దూబగుంట వాళ్లు చేస్తే మనమెందుకు చెయ్యలేం అని ఊరూరా లేచారు. 1992లో సారా వేలం పాటలు జరగనివ్వలేదు, ప్రభుత్వం వాయిదా మీద వాయిదా వేసుకుంది. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో సారా బంద్, అదే ఏడు అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా బంద్.

మా అవ్వ చీపురు, కారప్పొడి పట్టుకుని సారా జీపుకి అడ్డం నిలబడ్డ బ్యాచ్. ఆవిడ సంతకం పెట్టడం నేర్చుకున్నదీ అప్పుడే. మా ఇంట్లో కూలి డబ్బులు ముందు అవ్వ చేతికి రావాలి అన్న పద్ధతి ఆ ఏడాది మొదలైంది. ఇప్పుడు నాకు జీతం పడగానే నేనూ నా భార్యా కూర్చుని ఇంటి లెక్క రాస్తాం, ఆ తర్వాతే మిగతా ఖర్చులు. రోశమ్మ 2016లో చనిపోయింది. మా అవ్వ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

కృష్ణలంక
గొప్ప పోరాటమే, కాదనను. కానీ ఫలితం? 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం తెచ్చారు, 1997లో ఎత్తేశారు. ఇప్పుడు ఊరికి ఎన్ని దుకాణాలున్నాయో మనకి తెలుసు. గెలిచినట్టా ఓడినట్టా?

నెల్లూరోడు
నువ్వు మందు సంగతి చూస్తున్నావన్నా, నేను మా అవ్వ సంగతి చూస్తున్నా. సారా ఆగాక అదే ఆడవాళ్లు రోజుకో రూపాయి పొదుపు అని మొదలుపెట్టారు. డ్వాక్రా కేంద్ర పథకంగా 1982 నుంచే ఉంది, మా పక్క అది పల్లెపల్లెకీ పాకింది మాత్రం ఈ ఉద్యమం తర్వాతే. ఇంతకుముందు వడ్డీ వ్యాపారి అరుగు మీద చేతులు కట్టుకు నిలబడ్డ మనిషి బ్యాంకు మేనేజరు ఎదురుగా కుర్చీలో కూర్చుంది. నిషేధం ఎత్తేశారు గానీ ఆవిడని ఆ కుర్చీలోంచి ఎవరూ లేపలేకపోయారు.

లక్ష్మి_టీచర్
కృష్ణలంక గారి ప్రశ్న కూడా కొట్టిపారేసేది కాదు. మా మండలంలో పొదుపు సంఘం డబ్బు తీసుకుని భర్తలు తాగిన ఇళ్లు నాకు తెలుసు. అప్పు కట్టలేక ఆడవాళ్లు నలిగిపోయారు. అయినా వారం వారం మీటింగుకి వెళ్లి నలుగురిలో లేచి మాట్లాడటం అలవాటయింది చూడండి, దాని విలువ వేరే. మా స్కూలు కమిటీలో గట్టిగా ప్రశ్నలేసే తల్లులంతా సంఘాల నుంచి వచ్చినవాళ్లే.

సిక్కోలు_చిన్నోడు
నెల్లూరన్నా, మీ ఇంట్లో ఇప్పటికీ కారప్పొడి డబ్బా వాకిట్లోనే పెడతారా? ఎప్పుడైనా మీ ఊరు వస్తే ముందు ఫోన్ చేసి వస్తా.

నెల్లూరోడు
రా తమ్ముడూ, అవ్వ చేతి చేపల పులుసు తినిపిస్తా. కారం అందులో ఉంటుంది.

గోదారి_గట్టు
రాజమండ్రి తరఫున స్వాతంత్ర్య పోరాటంలో, సంఘసేవలో పేరున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల దగ్గర ఖాదీ ప్రదర్శనకి టిక్కెట్టు లేదని నెహ్రూని ఆపేసిన కథ అందరికీ తెలుసు, అది వదిలేస్తా. నన్ను పట్టి కుదిపినవి వేరే ఉన్నాయి.

ఒకటి, 1921లో గాంధీ కాకినాడ వస్తున్నారంటే పన్నెండేళ్ల పిల్ల వెళ్లి దేవదాసీలతోనూ, బురఖాల చాటున ఉండే ముస్లిం స్త్రీలతోనూ ఆయన విడిగా మాట్లాడాలని పట్టుబట్టింది. పెద్దలు ఐదు వేల రూపాయలు పోగుచేస్తే చూద్దాం అన్నారు. ఆ పిల్లా, దేవదాసీలూ కలిసి పోగుచేసి చూపించారు. సభ జరిగింది.

రెండోది. ఎనిమిదేళ్లకి పెళ్లి చేశారు. కాస్త ఊహ తెలిశాక ఈ కాపురం నాకొద్దు, మీరు వేరే పెళ్లి చేసుకోండి అని ఆయనకే చెప్పింది. ఆయన మాయమ్మ అనే ఆవిడని చేసుకున్నాడు. 1941లో ఆయన పోతే, ఆ మాయమ్మని దుర్గాబాయి తన దగ్గరికి తెచ్చుకుని చేతిపనులు నేర్పించి సొంత కాళ్ల మీద నిలబడేలా చేసింది. మాజీ భర్త రెండో భార్యని! మనమైతే పెళ్లిళ్లలో ఎదురుపడితే మొహం తిప్పుకుంటాం.

మా ఇంట్లో ఇలాంటి గొడవే ఉండేది, వివరాలు వద్దు. మా నాన్నగారి మొదటి భార్య పిల్లలు, మేము. మాటల్లేవు. ఆ మాయమ్మ సంగతి చదివాకే మా అక్కకి నేను ఫోన్ చేశాను. ఇప్పుడు సంక్రాంతికి అందరం ఒక ఇంట్లోనే ఉంటాం.

లక్ష్మి_టీచర్
గట్టు గారూ, దుర్గాబాయి గారి దయతో చదువుకున్న మనిషి చేతిలో నేను చదువుకున్నాను. 1937లో మద్రాసులో దుర్గాబాయి గారి ఆంధ్ర మహిళా సభ మొదలైనప్పుడు మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్లని బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్ పరీక్షకి కూర్చోబెట్టేవారు. దుర్గాబాయి గారు కూడా ఆ బెనారస్ మెట్రిక్ కట్టే పైకి వచ్చింది, 1942లో లా పూర్తి చేసింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యాక అదే పద్ధతిని దేశమంతా తెచ్చింది, కండెన్స్‌డ్ కోర్సులు అని. ఐదో తరగతి దగ్గర ఆగిన పెద్దవాళ్లు రెండేళ్లలో మెట్రిక్ రాసేయగలిగేవారు.

మా లెక్కల టీచరమ్మ చిన్నతనంలోనే భర్త పోయి ఆ కోర్సులో చేరింది. క్లాసులో ఎవరైనా "నాకు లెక్కలు రావు టీచర్" అంటే ఆవిడ కొట్టేది కాదు, తిట్టేది కాదు. "ఎక్కడిదాకా వచ్చు?" అని అడిగేది. తీసివేతల దాకా వచ్చంటే పదో తరగతి పిల్లకి కూడా అక్కడ్నుంచే మొదలుపెట్టేది, ఎవరూ నవ్వకుండా చూసేది. నేనిప్పుడు ప్రభుత్వ బడిలో ఎనిమిదికి చెప్తాను. అడిగే ప్రశ్న అదే.

కృష్ణలంక
దుర్గాబాయి గురించి ఒకటి కలుపుతా. రాజ్యాంగ సభలో కూడా ఉంది ఆవిడ. మా అబ్బాయి సివిక్స్ పుస్తకం చూస్తే అంబేద్కర్, నెహ్రూ, పటేల్ ఉన్నారు. ఈవిడ పేరు నేనే పెన్నుతో పక్కన రాసిచ్చా.

సిక్కోలు_చిన్నోడు
ఇప్పుడు మా జిల్లా వంతు. కరణం మల్లీశ్వరి. 2000 సిడ్నీ ఒలింపిక్స్, వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగం, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు, కాంస్యం. భారతదేశం నుంచి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి ఆడమనిషి మా ఆమదాలవలస పక్క ఊసవానిపేట పిల్ల. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకి వెళ్లింది, ఎత్తలేకపోయింది. బంగారం వచ్చింది 242.5కే. ఆ లెక్క తలుచుకుంటే ఇప్పటికీ మా ఊళ్లో పెద్దోళ్లు నాలుక కరుచుకుంటారు.

వెంకటగిరి_చీర
బాగుంది, కానీ వేపచెట్టు గారు అడిగింది మీ ఇంట్లో ఏం మారిందని కదా. పతకాల వివరాలు వికీపీడియాలో దొరుకుతాయి.

సిక్కోలు_చిన్నోడు
అక్కడికే వస్తున్నా అక్కా, ఆగండి. మా ఇంట్లో రెండు కోళ్లు. గుడ్డు ఉంటే నాకు, ఇంకా ఉంటే నాన్నకి, చెల్లికి పులుసు. ఎవరూ దురుద్దేశంతో చేసింది కాదు, అలా జరిగిపోయేదంతే. మల్లీశ్వరి పతకం వచ్చాక మా చెల్లి వెయిట్‌లిఫ్టింగ్ షెడ్డుకి వెళ్తానంది. కోచ్ మా అమ్మని పిలిచి, పిల్లకి రోజూ గుడ్లు పెట్టకపోతే ఇక్కడికి పంపొద్దని చెప్పేశాడు. మర్నాటి నుంచి గుడ్డు ముందు చెల్లి కంచంలో పడింది. నేను గోల చేశా. అమ్మ ఏమందంటే, "నువ్వేం ఎత్తుతున్నావురా?"

చెల్లి జాతీయ స్థాయి దాకా వెళ్లలేదు, జిల్లా దగ్గరే ఆగింది. కానీ స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నాకిద్దరూ ఆడపిల్లలు. వాళ్లు తినేది చూస్తే మా అత్తగారికి టెన్షన్, "లావైపోతారు, సంబంధాలు రావు" అని. ఇంకొక గుడ్డు వేస్తా.

వెంకటగిరి_చీర
ఇది చెప్పండి ముందు! "నువ్వేం ఎత్తుతున్నావురా" అనే మాట ఇంట్లో వాడుకోడానికి నేను తీసుకుంటున్నా.

పాలకుర్తి_పిల్లగాడు
చాకలి ఐలమ్మ పేరు ఇంకా రాలేదేందని చూస్తున్న. మా ఊరి మనిషి. నిజాం కాలంల విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఆమె పంట గుంజుకుందామని మనుషులను పంపిండు. ఆమె సంఘంల ఉన్నది, ఆంధ్ర మహాసభనే మా దిక్కు సంఘం అనేటోళ్లు. సంఘపోళ్లు వచ్చి వడ్లు ఆమె ఇంటికి చేర్చిండ్రు. కొడుకులను జైల్ల పెట్టిండ్రు, ఇల్లు కాలబెట్టిండ్రు, భూమి మాత్రం ఆమె విడువలే. దొర ఎదురుంగ చెప్పులేసుకొని నడవలేని రోజులు, నీ బాంచెన్ కాల్మొక్త అనాల్సిన రోజులు. 1985 సెప్టెంబర్ 10న చనిపోయింది.

మా నానమ్మది కూడా అదే కులం. ఊరందరి బట్టలు ఉతికింది. ఐలమ్మ గెలిచినంక ఆమె ఒక్కటే పని చేసింది. ఎవరినీ దొర అని పిలుసుడు బంద్ చేసింది, పటేలు పేరు పెట్టి "గారు" చేర్చి పిలిచింది. గంతే. ఊళ్లె అదే పెద్ద లొల్లి అయింది. నేను హైదరాబాద్‌ల హాస్టల్ల చేరినప్పుడు "మీరేం కులం" అని అడిగితే గొంతు ఎండిపోయేది. నానమ్మ ఒకటే చెప్పింది, "వాళ్ల మైల మనం కడిగినం, సిగ్గు వాళ్లకుండాలె." అప్పటిసంది నేనే ముందు చెప్పేస్త, అడిగేదాక ఆగను.

కృష్ణలంక
మీ నానమ్మ మాట ఫ్రేము కట్టించుకోవాలి. ఒక్క అనుమానం. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. ఇలా పేర్లు, విగ్రహాలు పెట్టేసి అసలు పని వదిలేస్తారేమో అనిపిస్తుంది నాకు.

పాలకుర్తి_పిల్లగాడు
అన్నా, మా చిన్నమ్మ బిడ్డ ఆడనే చదువుతది. ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ అది, తెల్లదొరలు ఉన్న బంగ్లా. ఇయ్యాల ఆమె సర్టిఫికెట్ మీద చాకలి ఐలమ్మ అని అచ్చయితది. కులం పేరుతో సహా. మా ఇంట్ల ఆ కాగితం ఎట్ల సూస్తరో నీకు చెప్పలేను. హాస్టళ్లు, నౌకర్లు కావాలె, అది నేను గూడ అడుగుత. కానీ పేరు ఉత్తది అని మాత్రం అనకు.

కృష్ణలంక
సరే తమ్ముడూ. ఆ వైపు నుంచి చూడలేదు నేను.

దస్తావేజు_లేఖరి
నేను రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట దస్తావేజులు రాస్తాను. రోజూ చూసేది చెప్తా. తండ్రి పోయాక అన్నదమ్ములు అక్కచెల్లెళ్లని కారులో తీసుకొస్తారు. విడుదల దస్తావేజు, అంటే ఆస్తిలో నా హక్కు వదులుకుంటున్నాను అని. చీర, పసుపు కుంకుమ, హోటల్లో భోజనం. ఎక్కడ సంతకం పెట్టాలో వేలుపెట్టి చూపిస్తారు, ఆవిడ పెడుతుంది, అరగంటలో అయిపోతుంది.

ఒకసారి బాగా పెద్దావిడ వచ్చింది, తలంతా నెరిసింది. వేలికి సిరా పూసే టైముకి చెయ్యి వెనక్కి తీసుకుని "బాబూ, మొత్తం చదువు" అంది. తమ్ముళ్లు చదివేదేముంది అక్కా అన్నారు. ఆవిడ నన్నే చూస్తూ చదువు అంది. చదివాను. సరిహద్దులు, సర్వే నంబరు, "నా ఇష్టపూర్వకంగా" అన్న ముక్క దాకా. అక్కడ ఆపి, "ఇందులో నా ఇష్టం ఎవరు అడిగారు?" అంది. సంతకం పెట్టలేదు. లేచి బస్సెక్కి వెళ్లిపోయింది. తర్వాత వాటా తీసుకుందనీ, తమ్ముళ్లతో మాటలు కూడా కలిశాయనీ విన్నాను.

అప్పట్నుంచి ఏ ఆడమనిషి వచ్చినా, అడిగినా అడక్కపోయినా, దస్తావేజు మొత్తం గట్టిగా చదివి వినిపిస్తాను. కొందరు మొగవాళ్లు విసుక్కుని వేరే రైటర్ దగ్గరికి పోతారు. పోనీ.

వెంకటగిరి_చీర
లేఖరి గారూ, అసలు చట్టం ఏం చెప్తోంది? 1985 అంటారు, 2005 అంటారు.

దస్తావేజు_లేఖరి
ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఇచ్చారు. 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతా హిందూ కుటుంబాల కూతుళ్లకి, పెళ్లయినా కాకపోయినా. తండ్రి ఆ తేదీకి బతికి ఉండాలా అన్న వివాదాన్ని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది, ఉండక్కర్లేదు, హక్కు పుట్టుకతోనే వస్తుంది అని. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైపోయిన పంపకాలని మాత్రం కదపలేరు. మీ కేసు మీ వకీలుకే చూపించుకోండి.

మధురవాడ
చట్టం ఉంది గానీ వాటా అడిగితే పుట్టింటికి దారి మూసుకుపోతుంది. పండక్కి పిలిచేవాళ్లు ఉండరు. నేనైతే అడగలేదు, బాధ కూడా లేదు.

వేపచెట్టు
మీ నిర్ణయం మీది మధురవాడ గారూ, తప్పు పట్టను. ఒక్కటే అడుగుతా. వాటా తీసుకున్నందుకు మీ అన్నయ్యకి ఎవరైనా ఏ ఇంటి దారైనా మూశారా?

మధురవాడ
లేదు. ఈ ప్రశ్న మా అమ్మాయి కూడా వేసింది.

రాత్రి_డ్యూటీ
డ్యూటీలో ఉన్నా, చిన్నగా రాస్తా. నర్సుగా చేరిన కొత్తలో మా వార్డు ఇన్‌ఛార్జి ఒక మలయాళీ సిస్టర్. పెద్ద డాక్టర్ నడుస్తూ నడుస్తూ ఇంజెక్షన్ డోసు నోటిమాటగా చెప్పి వెళ్లిపోతుంటే, వెనకే వెళ్లి కేస్ షీట్ తెరిచి పట్టుకుని "సార్, రాసివ్వండి" అనేది. ఆయన కోప్పడ్డా షీట్ మూసేది కాదు. పేషెంటుకి ఏదైనా తేడా వస్తే మాట పడేది చిన్న నర్సులే అని ఆవిడకి తెలుసు. ఇప్పుడు నేను ఇన్‌ఛార్జిని. మా అమ్మాయిలందరికీ వచ్చిన మొదటి రోజే ఆ రెండు ముక్కలు నేర్పిస్తా. బ్యాంకులో, బిల్డర్ దగ్గర, పెళ్లి మాటల్లో కూడా పనికొస్తాయి.

మధురవాడ
పెళ్లి మాటల్లోనా! మా వియ్యంకుడితో ముందే అనాల్సింది.

హైటెక్_హేమ
మా కంపెనీలో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీలో ఉన్నాను. ట్రైనింగ్‌కి వచ్చినవాళ్లని అడుగుతా, ఈ కమిటీ ఎవరి వల్ల వచ్చిందో తెలుసా అని. దాదాపు ఎవరూ చెప్పరు. రాజస్థాన్‌లో భటేరీ అనే ఊళ్లో భన్వరీ దేవి, ప్రభుత్వ కార్యక్రమంలో కార్యకర్త. బాల్యవివాహం ఆపబోయినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు నిందితులని అత్యాచారం కేసులో వదిలేసింది. ఆమె కేసు చూసి మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకి వెళ్తే 1997లో విశాఖ మార్గదర్శకాలు వచ్చాయి, 2013లో చట్టం. ఏసీ గదుల్లో పనిచేసే మనకి రక్షణ వచ్చింది, కుమ్మరి కులానికి చెందిన ఆ పల్లెటూరి కార్యకర్తకి మాత్రం ఆ కోర్టు న్యాయం చెయ్యలేదు. నేను ప్రతి ట్రైనింగూ ఆమె పేరుతోనే మొదలుపెడతా. స్లైడుల్లో లేదు, నేనే చెప్తా.

లక్ష్మి_టీచర్
విశాఖ అంటే మన విశాఖపట్నం అనుకునేవాళ్లున్నారు హేమా, అది కేసు వేసిన సంస్థ పేరని కూడా చెప్తూ ఉండు.

అమలాపురం_అబ్బాయ్
మొదటి పోస్టుతో నాకు పేచీ ఉంది. త్యాగం అనే మాట అంత చేదా? మా అమ్మ నిజంగానే మా కోసం అన్నీ వదులుకుంది. ఏ ఉద్యమాలూ చెయ్యలేదు, ఎవరికీ ఎదురు చెప్పలేదు. అలాంటి మనిషి నన్ను ప్రభావితం చెయ్యకూడదా? మా లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారు కూడా జీవితమంతా వచ్చినవాళ్లకి అన్నం పెట్టడమే చేసింది. ఆవిడది త్యాగం కాదా?

గోదారి_గట్టు
సీతమ్మ గారు వేళకాని వేళ తలుపు తట్టినా, ఏ కులమైనా పెట్టింది. 1909లో పోయిన మనిషి, ఆ రోజుల్లో అది. ఎవరో పెట్టమన్నారని పెట్టలేదు, నా గుమ్మం దగ్గర ఇలాగే జరుగుతుంది అని ఆవిడ నిర్ణయించుకుంది. నేనైతే దాన్ని త్యాగం అనను.

రాత్రి_డ్యూటీ
అమలాపురం గారూ, అమ్మ అన్నీ వదులుకుంది అన్నారు. ఆ "అన్నీ"లో ఏమేం ఉన్నాయి? అమ్మ ఉన్నారుగా, అడగండి.

అమలాపురం_అబ్బాయ్
అడిగాను. నిన్న రాత్రి. నేను అనుకున్నట్టు ఏమీ చెప్పలేదు. హిందీ ప్రచార సభ పరీక్షలు రాసేదట. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక వరకూ అన్నీ ఫస్టు క్లాసు. ఆ పై పరీక్ష విశారద కడదామనుకుంటే పెళ్లి కుదిరింది. "ప్రవీణ దాకా వెళ్తే హిందీ పండిట్ ఉద్యోగం వచ్చేది, మీ నాన్నకి రెండుసార్లు చెప్పాను, ఆయన విననట్టే ఊరుకున్నారు" అంది. ఏడుస్తూ కాదు, కోపంగా. ఇన్నేళ్లూ ఆ కోపం ఎక్కడుందో నాకు తెలీదు. నాన్న పక్క గదిలో టీవీ సౌండు తగ్గించారు.

వేపచెట్టు
అడిగినందుకు మంచి పని చేశారు.

లక్ష్మి_టీచర్
విశారదకి వయసు అడ్డం కాదండీ. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, ఆగస్టులో. మీ ఊళ్లో ఏ ప్రచారక్ (సభ తరఫున హిందీ చెప్పేవాళ్లు) దగ్గరికి వెళ్లినా అప్లికేషన్ వాళ్లే కట్టిస్తారు. ప్రవేశిక సర్టిఫికెట్ ఉందా అమ్మగారి దగ్గర?

అమలాపురం_అబ్బాయ్
ఉందిట, పెట్టెలో అడుగున. వెతుకుతోంది. కానీ పెళ్లికి ముందు ఇంటిపేరుతో ఉంది, ఇప్పుడు ఆధార్‌లో వేరే. ఇబ్బందేమైనా అవుతుందా?

దస్తావేజు_లేఖరి
పేరు మార్పుకి నోటరీ అఫిడవిట్ ఒకటి, పెళ్లి రుజువు ఒకటి దగ్గర పెట్టుకోండి, మామూలుగా వాటితో సరిపోతుంది. ఇంకేం అడుగుతారో ప్రచారక్‌నే కనుక్కోండి. అఫిడవిట్ ముసాయిదా నేను రాసి ఇక్కడ పెడతా, డబ్బులేం వద్దు. సంతకం పెట్టే ముందు అమ్మగారికి చదివి వినిపించండి.

కడప_కారం
అన్నా, మా అమ్మకి గూడా అరబ్బీతో పాటు హిందీ మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. ఆమె ప్రాథమిక నుంచి మొదలుపెట్టచ్చా? లక్ష్మి టీచరూ, కడపలో ఎవురన్నా చెప్పేవాళ్లు తెలుసా మీకు?